మా ఇంటికి వచ్చిన బీఎండబ్ల్యూ ఐఎక్స్: ఏడు వారాలు, 3,140 కిలోమీటర్లు, ఒక ఎర్త్ గుంత

కృష్ణాతీరం (హైదరాబాద్), 19 జనవరి 2025, ఉదయం 10:12

నవంబరు నెలాఖరులో బండి చేతికి వచ్చింది. ఐఎక్స్ ఎక్స్‌డ్రైవ్ 50, పూర్తిగా కరెంటు మీద నడిచేది. కొన్ననాటి ఎక్స్‌షోరూం ధర దాదాపు కోటి 40 లక్షలు. పదకొండేళ్లు ఒకే డీజిల్ బండి నడిపినవాణ్ణి కనుక నా మాటల్లో కొత్త పెళ్లికొడుకు సంబరం కొంత ఉంటుంది, అది తీసేసి చదువుకోండి.

మొదటి రోజు సంగతి చెప్పాలి. పెద్దమ్మ గుడి దగ్గర వాహన పూజ. పూజారి గారు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కుంకుమ గిన్నె పట్టుకుని "బానెట్ ఎత్తండి, ఇంజన్‌కు బొట్టు పెట్టాలి" అన్నారు. ఈ బండి బానెట్ మనం ఎత్తేది కాదు, వర్క్‌షాపులోనే తీస్తారు. తీసినా అక్కడ ఇంజన్ ఉండదు. ఆ మాటే చెప్పాను. "మరి ప్రాణం ఎక్కడ ఉంది నాయనా?" అని అడిగారు. సీట్ల కింద, నేల పొడవునా బ్యాటరీగా పరుచుకుని ఉందన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ముందు భాగంలో ఉన్న గుండ్రటి గుర్తుకే బొట్టు పెడదామని బొటనవేలితో నొక్కారు. అది కాస్తా టక్కున పైకి లేచింది. అద్దం కడిగే నీళ్లు పోసే చోటు దాని కిందే ఉంది మరి. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, నవ్వి, లోపలి మూతకు బొట్టు పెట్టారు. ఆ ఎర్రటి మరక ఇప్పటికీ అలాగే ఉంది.

నడపడం గురించి. కాగితం మీద 523 హార్స్‌పవర్, 765 న్యూటన్ మీటర్ల టార్క్, సున్నా నుంచి వందకు 4.6 సెకన్లు. ఆ వేగాన్ని నేను మూడుసార్లు వాడాను. ఒకసారి నా కోసం, ఒకసారి మా అబ్బాయి కోసం, మూడోసారి మా బావమరిది కోసం. నాలుగోసారి ఎవరూ అడగలేదు. రోజూ అనుభవానికి వచ్చేది వేగం కాదు, నిశ్శబ్దం. మా నాన్నగారు ముందు సీట్లో కూర్చుని, మేము ఫ్లైఓవర్ ఎక్కేదాకా "ఇంకా స్టార్ట్ చేయలేదా?" అన్నట్టే చూస్తున్నారు. ఇంజన్ మోత లేకపోతే ఇంతకాలం వినపడనివన్నీ వినపడతాయి. డోరు అరలో దొర్లే చిల్లర, వెనక సీట్లో పిల్లల గుసగుసలు, చివరికి మా ఆవిడ నిట్టూర్పు కూడా.

తలుపు తెరిస్తే గడప దగ్గర కార్బన్ ఫైబర్ నేత పైకే కనిపిస్తుంది. మా పెద్దమ్మ అది చూసి "ఇక్కడ రంగు వేయడం మరిచిపోయినట్టున్నారు, అడిగి వేయించుకో" అన్నది. లోపలి నుంచి తలుపు తీయడానికి బటన్ నొక్కాలి. ఎక్కిన ప్రతివాళ్లూ దిగేటప్పుడు పిడి కోసం తడుముకోవడం మామూలైపోయింది.

మొదటి వారం వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పింది. తప్పు నాదే. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటారే బండిని లాగి పట్టి, ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. నేను దాన్ని గరిష్ఠంగా పెట్టుకుని, పాత అలవాటు కొద్దీ కాలు ఠక్కున తీసేవాణ్ణి. తగ్గించి పెట్టాక ఇంట్లో శాంతి నెలకొంది.

బ్యాటరీలో వాడుకోవడానికి దొరికేది సుమారు 105 యూనిట్లు. కంపెనీ ప్రయోగశాల లెక్క ఆరు వందల కిలోమీటర్ల పైమాట. నాకు వంద కిలోమీటర్లకు 22 యూనిట్లు అవుతున్నాయి, అంటే నిండు చార్జికి 470 దాకా. సంక్రాంతికి తెనాలి పక్కన మా అత్తగారి ఊరు వెళ్లివచ్చాను. ఆ కథ పెద్దది. ప్రశ్నలుంటే అడగండి, భోజనం చేసి వస్తాను.

పక్కా లెక్క (విశాఖపట్నం), ఉదయం 10:47

అభినందనలండీ. అందరూ అడగబోయేది నేను ముందే చెప్పేస్తాను. తెలంగాణలో 2025 జనవరి నాటికి 20 లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం. విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మినహాయిస్తూ ప్రభుత్వం 41వ నంబరు జీవో ఇచ్చింది. 2024 నవంబరు 18 నుంచి అమలు, గడువు 2026 డిసెంబరు 31. మన మిత్రుడికి అక్కడే పాతిక లక్షలు మిగిలాయి. జీఎస్టీ కూడా 5 శాతమే. ఇదే పరిమాణంలో డీజిల్ బండికైతే 2025 జనవరి నాటి లెక్కన 28 శాతం, దాని మీద సెస్సు 22.

అంటే పర్యావరణం మీద ప్రేమ నవంబరు 18 తర్వాతే పుట్టిందన్నమాట!

కృష్ణాతీరం, ఉదయం 11:05

దొరికిపోయాను. సెప్టెంబరులో బుక్ చేశాను, "పన్ను పోతుందేమో, కాస్త ఆగు" అన్నది మా ఆడిటరే. మీ కులస్థులే లెండి, లెక్కల కులం.

పాత డీజిల్ (కరీంనగర్), ఉదయం 11:30

బండి అందంగా ఉంది, కాదనను. కానీ రామగుండంలో బొగ్గు మండితేనే కదా మీ ప్లగ్గులో కరెంటు వచ్చేది? పొగ మా వైపు, పచ్చ నంబరు ప్లేటు మీ ఊళ్లో. పైగా కోటిన్నర పెట్టి దారిలో గంటలు గంటలు కాచుకుని కూర్చోవాలా? నా బండి ఐదు నిమిషాల్లో ట్యాంకు నింపుకుని తిరుపతి దాకా పోతుంది.

వైర్‌మ్యాన్ (వరంగల్), మధ్యాహ్నం 12:08

అన్నా, బొగ్గు మాట నిజమే. కానీ డీజిల్‌లో ఉన్న శక్తిలో మంచి ఇంజన్ కూడా అత్యుత్తమ స్థితిలో నలభై శాతం చక్రాలకు ఇస్తే గొప్ప, ఊళ్లో ట్రాఫిక్‌లో అందులో సగం కూడా అనుమానమే. మోటారు తనకు అందిన కరెంటులో తొంభై శాతం దాకా పనిగా మారుస్తుంది. బొగ్గు కరెంటు లెక్క వేసినా బండి మరీ అన్యాయంగా ఏమీ ఉండదు. రెండున్నర టన్నుల బండిని ఒక్క మనిషి కూరగాయల మార్కెట్‌కు తీసుకుపోవడం అన్యాయమంటారా, దానికి నా దగ్గర జవాబు లేదు.

కృష్ణాతీరం గారూ, ఇంటి చార్జింగ్ ఎలా పెట్టించారు? సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? కేబుల్ ఎంత పొడవు? అసలు విషయం అదీ.

కృష్ణాతీరం, మధ్యాహ్నం 2:20

పులిహోర, గుత్తి వంకాయ అయ్యాయి. ఇప్పుడు చెబుతాను. వైర్‌మ్యాన్ గారు అసలు నరం పట్టుకున్నారు. ఏ కారు కొనాలో తేల్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. సెల్లార్‌లో ప్లగ్గు పెట్టించుకోవడానికి మూడు నెలలు.

మా అపార్ట్‌మెంట్‌లో మీటర్ల గది ఒక మూల, నా పార్కింగ్ ఇంకో మూల. మధ్యలో కేబుల్ 32 మీటర్లు నడవాలి. అది ఆరుగురి పార్కింగుల మీదుగా వెళ్తుంది. అసోసియేషన్ మొదటి సమావేశంలో "మంట వస్తే?" అన్నారు. రెండో సమావేశంలో "అందరూ అడిగితే?" అన్నారు. మూడోది కోరం లేక వాయిదా పడింది. బండి డిసెంబరు మూడో వారం దాకా బయటి చార్జర్ల మీదే బతికింది, యూనిట్ ఇరవై రూపాయల పైమాటే, పైన 18 శాతం జీఎస్టీ. రాత్రి పదకొండింటికి పైజామాలో వెళ్లి, పెట్రోలు బంకు పక్కన బండికి చార్జింగ్ గన్ పెట్టుకుని కూర్చున్న కోటి రూపాయల ఆసామిని నేనే.

చివరికి దారి చూపింది కిందింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు. కేబుల్ వెళ్లేది ఆయన పార్కింగ్ నెత్తి మీదుగానే. "నా గోడ మీద నీ కేబుల్ పోనిస్తాను, నా ఎలక్ట్రిక్ స్కూటర్‌కు పక్కనే ఒక ప్లగ్గు వేయించు, నా మీటరు నుంచే" అన్నారు. ఆయన ఒప్పుకున్నాక మిగతా ఐదుగురూ నోరు మెదపలేదు, వాళ్లలో ముగ్గురు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ల తల్లిదండ్రులు.

సాంకేతికం: త్రీ ఫేజ్, 11 కిలోవాట్లు, ఫేజుకు 16 ఆంప్స్. ఆర్మర్డ్ (ఉక్కు తొడుగున్న) రాగి కేబుల్, లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీ విడిగా, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, విడి ఎర్త్. శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) పెంచమని డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాను. ఇప్పుడు రాత్రి పదింటికి పెడితే ఎంత ఖాళీగా ఉన్నా పొద్దుటికి నిండుతుంది.

సెల్లార్ సెక్రటరీ (విజయవాడ), మధ్యాహ్నం 3:02

అసోసియేషన్ వైపు నుంచి కూడా ఒక మాట వినండి. మాది 96 ఇళ్ల అపార్ట్‌మెంట్. ఒకరికి ఇస్తే రేపు ముప్పై మంది వస్తారు. ముప్పై బళ్లు రాత్రి పదింటికి ఒకేసారి 11 కిలోవాట్ల చొప్పున లాగితే 330 కిలోవాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఎవరి డబ్బుతో మార్చాలి? కారు లేనివాడి డబ్బుతోనా?

ఇంకొకటి. గత సెప్టెంబరులో బుడమేరు మా పేటలోకి వచ్చినప్పుడు సెల్లార్‌లో నీళ్లు తల ఎత్తు నిలిచాయి. ఆ రోజు తర్వాత ఎవరైనా సెల్లార్‌లో కరెంటు పాయింటు అంటే నా చెవిలో నీళ్ల చప్పుడే వినిపిస్తుంది. మేము పిసినారులం కాదు, భయపడ్డవాళ్లం.

వైర్‌మ్యాన్, మధ్యాహ్నం 3:40

సెక్రటరీ గారూ, మీ భయం తప్పు కాదు. మూడు పనులు చేయించండి. బోర్డులన్నీ ఎత్తుగా, వీలైతే ర్యాంపు పైన, వరద అంటగానే అన్నింటినీ ఒకేసారి ఆపే స్విచ్ మెట్ల దగ్గర. రెండు, విడివిడిగా ముప్పై కేబుళ్లు లాగనీయకండి, ఒక పెద్ద లైను తెచ్చి అక్కడి నుంచి పంచండి. మూడు, లోడును పంచుకునే చార్జర్లు ఉన్నాయి. పది బళ్లు ఉంటే పదింటికీ కొంచెం కొంచెం ఇస్తూ తెల్లవారేసరికి నింపుతాయి. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగేవాడికి తొమ్మిది యూనిట్లు చాలు, ఎవరికీ రాత్రంతా 11 కిలోవాట్లు అక్కర్లేదు. మీ 330 కాస్తా యాభై, అరవైకి దిగుతుంది.

కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు మార్గదర్శకాల ప్రకారం, ఎవరికి వారు తమకున్న కనెక్షన్ నుంచే బండి చార్జ్ చేసుకోవచ్చు. కాబట్టి వద్దని ఎంతకాలం అనగలరు? పద్ధతిగా పెట్టించడమే మేలు.

సెల్లార్ సెక్రటరీ, మధ్యాహ్నం 3:58

మెట్ల దగ్గర స్విచ్ అన్న మాట రాసుకున్నాను. ఈ నెల సమావేశంలో పెడతాను.

డాలస్ బావ (టెక్సాస్), సాయంత్రం 6:15

ఇక్కడ ఇప్పుడే నిద్ర లేచాను. మా ఇంట్లో రివియన్ ఆర్1ఎస్ అనే విద్యుత్ బండి ఉంది, దానికి ఏడాది వయసు. మీ సెల్లార్ పురాణం చదివి మా గ్యారేజీకి దండం పెట్టుకున్నాను. అయితే ఇక్కడ ప్రభుత్వం అంత ఉదారమేమీ కాదు. పెట్రోలు పన్ను ఎగ్గొడుతున్నామని టెక్సాస్‌లో విద్యుత్ వాహనానికి ఏటా 200 డాలర్లు అదనంగా కట్టించుకుంటారు, కొత్త బండికి మొదట్లోనే 400.

చలిలో ఒక చిట్కా. వేగంగా చార్జ్ చేసే చోటికి వెళ్లేముందు బండి మ్యాపులోనే ఆ చోటును గమ్యంగా పెట్టుకోండి. దారిలోనే బ్యాటరీని తగినంత వేడి చేసుకుంటుంది. ఫోను మ్యాపు చూసుకుంటూ వెళ్తే దానికి తెలియదు, చల్లటి బ్యాటరీతో వెళ్లి నిలబడతారు.

ఆ తెనాలి కథ ఎక్కడ?

కృష్ణాతీరం, సాయంత్రం 7:10

ఇదిగో.

జనవరి 12, తెల్లవారుజామున నాలుగింటికి 96 శాతంతో బయలుదేరాం. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర అప్పటికే లైటు దండలా బళ్లు. ఆ నత్తనడకలో ఈ బండి నిజంగా ముద్దొచ్చింది. క్లచ్ లేదు, వణుకు లేదు, ఏసీ నడుస్తుంటే ఎడమ కాలు పనిలేక నిద్రపోయింది. సూర్యాపేటలో ఇడ్లీ, కోదాడ, నందిగామ, విజయవాడ దాటి ఊరు చేరేసరికి 31 శాతం. దారిలో ఎక్కడా చార్జింగ్ పెట్టలేదు. కాలర్ ఎగరేశాను.

అక్కడి నుంచి దిగింది. అత్తగారింట్లో పంపు మోటారు కోసం వేసిన 15 ఆంప్స్ ప్లగ్గు ఉంది. బండితో వచ్చిన చార్జర్ పెట్టాను, ఎర్రలైటు. ఇంకో గదిలో పెట్టాను, అక్కడా ఎర్రలైటు. ఎర్త్ సరిగా లేకపోతే చార్జర్ కరెంటు తీసుకోదు. ఇంటి ముందు బంధువులంతా మూగారు. "కోటి రూపాయల బండి, మా మిక్సీ తిరిగే ప్లగ్గులో తిరగదా?" అన్నాడు మా మామగారి తమ్ముడు. మా బావమరిది అయితే బియ్యపు డ్రమ్ము మీద కూర్చుని తీర్పులు చెప్పడం మొదలుపెట్టాడు.

భోగి నాడు ఎలక్ట్రీషియన్ దొరకడమంటే మాటలు కాదు. మధ్యాహ్నానికి ఒక పెద్దాయన సైకిల్ మీద వచ్చాడు. చేతిలో హోల్డరుకు తగిలించిన బల్బు, రెండు వైర్లు. ఒక వైరు ఫేజులో, ఇంకోటి ఎర్త్‌లో పెట్టాడు. బల్బు మిణుగురులా వెలిగి ఊరుకుంది. "ఎర్త్ ఎండిపోయిందయ్యా" అన్నాడు. పెరట్లో జామచెట్టు పక్కన తవ్వితే పాత పైపు బయటపడింది, చుట్టూ మట్టి రాయిలా గట్టిపడి ఉంది. చుట్టూ రెండడుగుల లోతు గుంత తీసి, ఒక వరుస బొగ్గు, ఒక వరుస కల్లుప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు వేసి, రెండు బిందెల నీళ్లు పోశాడు. పైపు మీద తుప్పు గీకి వైరు బిగించాడు. మళ్లీ బల్బు పెడితే ఈసారి పూర్తిగా వెలిగింది. చార్జర్‌లో పచ్చలైటు. గుంపులో ఎవరో చప్పట్లు కొట్టారు.

ముగ్గు పెడుతున్న మా అత్తగారు తల ఎత్తి, "భోగి పూట బండికి పిండివంట చేశారా, ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

ఆ ప్లగ్గులో గంటకు రెండు యూనిట్ల పైచిలుకు. పది గంటలు పెడితే వంద కిలోమీటర్లు. ఈలోగా గుంటూరు ఒకసారి, సూర్యలంక బీచికి ఒకసారి, చుట్టాల ఇళ్లకు నాలుగుసార్లు. తిరుగు ప్రయాణం నాటికి 62 శాతమే. అంటే దారిలో ఒకచోట ఆగక తప్పదు.

కొత్త పక్షి (రాజమహేంద్రవరం), సాయంత్రం 7:31

నేనూ విద్యుత్ బండి తీసుకుందామనుకుంటున్నాను, ఇంత పెద్దది కాదు లెండి. తిరుగు ప్రయాణంలో ఏమైందో చెప్పండి, నాకు భయం అదే.

కృష్ణాతీరం, రాత్రి 8:04

భయపడాల్సినంత లేదు, ఓపిక పట్టాల్సినంత ఉంది.

సూర్యాపేట దాటాక హైవే పక్కన ఒక హోటల్లో చార్జర్ ఉంది. ఎవరిదో పేరు రాయను. నేను చేరేసరికి 25 శాతం, నా ముందు రెండు బళ్లు. నా బండి 195 కిలోవాట్ల వేగం తీసుకోగలదు, సరైన చార్జర్ ఉంటే 10 నుంచి 80 శాతానికి 35 నిమిషాలు చాలు. అక్కడ ఉన్నది 60 కిలోవాట్లది, రెండు గన్‌లు. రెండూ పెడితే చెరో ముప్పై. అంటే నా కోటి 40 లక్షల బండీ, పక్కనున్న పదిహేను లక్షల బండీ ఒకే గొట్టంలో నీళ్లు తాగుతున్నాయి. సమానత్వమంటే ఇదే కాబోలు.

నా ముందున్నాయన 80 శాతం దాటినా తీయలేదు. ఆ పైన బ్యాటరీ మెల్లగా తీసుకుంటుంది, చివరి ఇరవైకి దాదాపు మొదటి అరవైకి పట్టినంత సమయం. ఆయన లోపల బిర్యానీ తింటున్నారు. వెళ్లి నెమ్మదిగా అడిగితే "డబ్బులు కట్టాను కదండీ, నిండేదాకా ఉంటాను" అన్నారు. నిజమే, డబ్బులు కట్టారు. నేను టీ తాగాను. తర్వాత ఇంకో టీ తాగాను. నా వంతు వచ్చాక యాప్‌లో డబ్బు కట్ అయింది, చార్జింగ్ మొదలు కాలేదు. కస్టమర్ కేర్ అమ్మాయి గన్ తీసి మళ్లీ పెట్టమంది. మూడోసారికి పట్టుకుంది. 60 శాతం అయ్యాక నేనే తీసేశాను, ఇల్లు చేరడానికి అది చాలు. మొత్తం రెండు గంటల పది నిమిషాలు, అందులో చార్జింగ్ గంటా పావు.

పాత డీజిల్, రాత్రి 8:15

నేను మొదట్లోనే చెప్పాను కదా. ఆ సమయానికి నేను ఇంట్లో కాళ్లు కడుక్కునేవాణ్ణి.

కృష్ణాతీరం, రాత్రి 8:22

ఒప్పుకుంటాను. పండగ రోజుల్లో హైవే మీద మీదే పైచేయి. మిగతా మూడు వందల యాభై రోజులు నేను బంకు మొహం చూడను.

పక్కా లెక్క, రాత్రి 8:40

హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు, అరవై యూనిట్లు. ఇంట్లో పై స్లాబులో యూనిట్ పది రూపాయలనుకున్నా 600. బయట ఇరవై రెండు చొప్పున 1,320. లీటరుకు పది కిలోమీటర్లిచ్చే డీజిల్ బండికి 27.5 లీటర్లు, మీ ఊళ్లో 2025 జనవరి ధర 95 రూపాయల 65 పైసల చొప్పున 2,630. ఇంట్లో ప్లగ్గు ఉంటేనే ఈ బండి చవక. లేకపోతే టైర్ల ఖర్చు కూడా కలిపి తేడా సగం కరిగిపోతుంది. బరువైన బండి, టైర్లను తినేస్తుంది.

కొత్త పక్షి, రాత్రి 8:55

టైరు అంటే గుర్తొచ్చింది. స్టెప్నీ ఉందా?

కృష్ణాతీరం, రాత్రి 9:10

లేదు. డిక్కీలో టైరు చిల్లు పూడ్చే మందు డబ్బా, గాలి పంపు. తిరుగు దారిలో నకిరేకల్ దగ్గర ఒక మేకు గుచ్చుకుంది కూడా. పంక్చరు కుర్రాడు జాకీ తెచ్చి కింద ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు, నేల అంతా బ్యాటరీ కదా. మాన్యువల్ తీసి బొమ్మ చూపించాను. అతను మోకాళ్ల మీద వంగి, టార్చి వేసి, అంగుళం అంగుళం చూసి సరిగ్గా రబ్బరు దిమ్మ కిందే పెట్టాడు. నూట యాభై అడిగాడు. రెండు వందలు ఇస్తే యాభై వెనక్కిచ్చి, "ఫోటో తీసుకోవచ్చా సార్?" అన్నాడు. టైరుతో తీసుకున్నాడు, బండితో కాదు.

డాలస్ బావ, రాత్రి 9:34

మళ్లీ తెనాలి ఎప్పుడు?

కృష్ణాతీరం, రాత్రి 9:41

ఉగాదికి. ఇందాకే మా అత్తగారు ఫోను చేసి, జామచెట్టు కింద గుంతలో రోజూ ఒక చెంబు ఉప్పునీళ్లు పోస్తున్నానని చెప్పింది. తులసికోటకు పోసినంత శ్రద్ధగా.

వైర్‌మ్యాన్, రాత్రి 9:50

ఉప్పు వద్దని చెప్పండి, పైపు తుప్పు పట్టి త్వరగా పోతుంది. మామూలు నీళ్లు చాలు, వారానికి ఒక బిందె.